ఆరో తరగతికి ఏ బడి? విశాఖలో సర్కారు హైస్కూలు, ప్రైవేటు స్కూలు పోల్చుకునే పద్ధతి

ఐదో తరగతి చదివే పిల్లలున్న ఇంటికి సంక్రాంతి దాటగానే ప్రైవేటు స్కూళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఈ నెలాఖరులోపు అడ్మిషన్ ఫీజు కడితే ఇంత తగ్గిస్తాం, ఆ తర్వాత సీట్లుండవు అంటారు. ఫోనుతో పని జరక్కపోతే స్కూలు ప్రచారం చూసే పీఆర్వో రంగు కరపత్రాలు పట్టుకుని ఇంటికే వస్తాడు. నాలుగు వీధుల అవతలున్న జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) హైస్కూలు నుంచి అంత హడావుడి ఉండదు. దాంతో చాలామంది ఆ బడి గేటు లోపలికి ఒక్కసారైనా వెళ్లకుండానే "గవర్నమెంటు బడి వద్దు" అని తేల్చేస్తారు. ఇంకొందరు ప్రైవేటు అనగానే దోపిడీ అని కొట్టిపారేస్తారు. రెండూ తొందరపాటే. ఈ ఊళ్లో మంచి సర్కారు బడులున్నాయి, నాసిరకం ప్రైవేటు స్కూళ్లున్నాయి. మంచి ప్రైవేటు స్కూళ్లూ, నాసిరకం సర్కారు బడులూ కూడా ఉన్నాయి. కాబట్టి పోల్చాల్సింది మీ ఇంటికి దగ్గర్లో ఉన్న మూడు నాలుగు బడులను. ఆ పోలికలో మొదటి ప్రశ్న: ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు ఎవరు చెబుతున్నారు? రెండోది: టెన్త్ అయ్యేసరికి ఇంటర్‌కి మీ చేతిలో డబ్బు మిగులుతుందా?

విశాఖలో "గవర్నమెంటు బడి" అన్న ఒక్క మాట కింద నాలుగైదు రకాల బడులున్నాయి. పాత నగరంలో ఎక్కువగా జీవీఎంసీ హైస్కూళ్లు, కొన్నిచోట్ల నేరుగా ప్రభుత్వ హైస్కూళ్లు ఉంటాయి. వన్‌టౌన్‌లోని క్వీన్ మేరీస్ బాలికల హైస్కూలు రెండో కోవకు చెందింది. మధురవాడ, పెందుర్తి, ఆనందపురం, భీమిలి వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లు ఎక్కువ. ఊళ్లు నగరంలో కలిసినా చంద్రంపాలెం లాంటి చోట్ల బడి మాత్రం జడ్పీదే. మిషనరీలు పెట్టగా, టీచర్ల జీతాలు సర్కారు ఇచ్చే ఎయిడెడ్ బడులు మరో రకం. వీటిలో ఫీజు తక్కువే గానీ, ఎయిడెడ్ పోస్టులో ఉన్నవాళ్లు రిటైరయ్యాక ఆ చోట్లు చాలావరకు భర్తీ కావడం లేదు. పేరు చూసి మోసపోకుండా, ఇప్పుడు పాఠం చెప్పేవాళ్లలో రెగ్యులర్ టీచర్లు ఎంతమంది అని అడగాలి.

కేంద్రీయ విద్యాలయం మీద చాలామందికి ఆశ ఉంటుంది. అక్కడ ప్రధాన ప్రవేశం ఒకటో తరగతిలోనే. ఆరో తరగతికి ఖాళీ ఉంటేనే తీసుకుంటారు, అదీ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు ముందు వరస ఇచ్చాకే. నేవీ, పోర్టు, రైల్వే కుటుంబాలు ఇంతమంది ఉన్న ఊళ్లో మిగతావాళ్లకు దక్కే సీట్లు తక్కువ. దరఖాస్తు పెట్టండి, దాని మీదే ఆధారపడకండి. కేంద్రం నడిపే హాస్టల్ బడి కొమ్మాది నవోదయకు ఐదో తరగతిలో ఉండగానే పరీక్ష రాయాలి, ఒక్కసారే అవకాశం. 75 శాతం సీట్లు గ్రామీణ ప్రాంత పిల్లలవి. మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా గ్రామీణ ప్రాంతపు బడిలో చదివితేనే ఆ కోటా వర్తిస్తుంది. మధ్యలో కొద్దిరోజులు నగరంలో చదివినా పట్టణ కోటా కిందికి వచ్చేస్తారు. అమ్మమ్మగారింటి దగ్గర ఏడాది చదివించి మళ్లీ తీసుకొచ్చినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

డబ్బు లెక్క

ప్రైవేటు స్కూలు చెప్పే ఫీజు, మీరు కట్టే ఫీజు ఒకటి కావు. ఉదాహరణకు ట్యూషన్ ఫీజు 45,000 అనుకుందాం. వ్యాను నెలకు 2,000 చొప్పున పది నెలలకు 20,000. పుస్తకాలు, నోట్సులు స్కూల్లోనే కొనాలంటారు, 7,000. రెండు జతల యూనిఫాం, స్పోర్ట్స్ డ్రెస్సు, బూట్లు 5,000. పరీక్ష ఫీజు, వార్షికోత్సవం, ఒలింపియాడ్ పేరిట 3,000. మొత్తం 80,000. ఏటా 10 శాతం పెరిగితే ఆరు నుంచి పది దాకా ఐదేళ్లకు దాదాపు 4 లక్షల 88 వేలు అవుతుంది. మీరు చూస్తున్న స్కూలు అంకెలు పెట్టి ఇదే లెక్క కాగితం మీద వేసుకోండి. ఫీజు ఏటా ఎంత శాతం పెంచుతున్నారో ఆఫీసులో అడిగితే సూటిగా చెప్పరు. అక్కడ ఏడో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రుల్ని అడగండి, తేలిపోతుంది.

ప్రభుత్వమే ఫీజు కట్టడి చేస్తుందిలే అనుకోవద్దు. 2021లో కార్పొరేషన్ ప్రాంతాల్లో హైస్కూలు ఫీజు ఏడాదికి 18,000 మించరాదని జీవో ఇచ్చారు గానీ దాన్ని హైకోర్టు కొట్టేసింది. ఇక 25 శాతం ఉచిత సీట్ల సంగతి. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లలో ఆ సీట్లు ఒకటో తరగతిలోనే ఇస్తారు. ఆరులో చేరేవాళ్లకు అవి పనికిరావు.

సర్కారు బడిలో ఫీజు లేదు. పాఠ్యపుస్తకాలు, నోట్సులు, మూడు జతల యూనిఫాం గుడ్డ, బూట్లు, బెల్టు, బ్యాగు కిట్టుగా వస్తాయి. మధ్యాహ్న భోజనం పదో తరగతి దాకా ఉంటుంది. అంతమాత్రాన ఖర్చు సున్నా అనుకోకండి. లెక్కలకో ఇంగ్లీషుకో సాయంత్రం ట్యూషన్ పెట్టాల్సి రావచ్చు. అందుకు నెలకు వెయ్యో పదిహేను వందలో పక్కన పెట్టుకుంటే ఐదేళ్లకు లక్ష లోపే. పైన వేసిన లెక్కతో పోలిస్తే తేడా దాదాపు నాలుగు లక్షలు. రెండేళ్ల ఇంటర్ హాస్టల్ ఫీజుకు ఆసరా అయ్యేది ఈ నాలుగు లక్షలే. మధ్యతరగతి ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. ఆరు నుంచి పది దాకా శక్తికి మించి కట్టి, అసలు పోటీ మొదలయ్యే ఇంటర్ దగ్గర చేతులెత్తేస్తారు. ఇంటర్‌కి వేరే డబ్బు లేని ఇంట్లో హైస్కూలు ఖర్చు తగ్గించుకోవడమే మంచిది. చిట్టీ పాడి స్కూలు ఫీజు కట్టే పరిస్థితి ఉంటే మరీను.

బడికి వెళ్లే పిల్లల తల్లి ఖాతాలో రాష్ట్ర ప్రభుత్వం డబ్బు వేసే తల్లికి వందనం పథకం ఈ పోలికలో ఏ వైపూ మొగ్గదు. అర్హత ఉంటే సర్కారు బడి పిల్లలకూ, గుర్తింపు ఉన్న ప్రైవేటు స్కూలు పిల్లలకూ వస్తుంది. 2025లో ఒక్కో బిడ్డకు 15,000 మంజూరు చేసి, 2,000 బడి నిర్వహణకు మినహాయించి తల్లి ఖాతాలో 13,000 వేశారు. 75 శాతం హాజరు ఉండాలి. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటితే పోతుంది. "తల్లికి వందనం వస్తుంది కదా, ఫీజు పెద్దగా పడదు" అని పీఆర్వో అంటే, అదే డబ్బు సర్కారు బడిలోనూ వస్తుందన్న సంగతి మర్చిపోకండి.

ఒక వైపు మాత్రమే దక్కేవి రెండున్నాయి, వాటి గురించి పీఆర్వో చెప్పడు. ఒకటి ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్) స్కాలర్‌షిప్. ప్రభుత్వ, మున్సిపల్, జడ్పీ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివేవాళ్లే రాయగలరు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. 90 మార్కుల పేపర్లు రెండు, ఒకటి తెలివి పరీక్ష, రెండోది పాఠాల మీద. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000, అంటే మొత్తం 48,000 వస్తుంది. ప్రైవేటులో, కేంద్రీయ విద్యాలయంలో, నవోదయలో చదివేవాళ్లకు ఇది లేదు. రెండోది ట్రిపుల్ ఐటీ. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌ల్లో ఇంటర్, ఇంజనీరింగ్ కలిసిన ఆరేళ్ల కోర్సుకు టెన్త్ మార్కుల మీదే సీటిస్తారు. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు 4 శాతం కలుపుతారు. 600కి అది 24 మార్కులు. ఒక్కో మార్కుకీ వరస మారిపోయే ఆ జాబితాలో 24 అంటే మాటలు కాదు. బాగా చదివే పిల్ల, డబ్బు అంతంతమాత్రంగా ఉన్న ఇల్లు అయితే ఈ ఒక్క కారణానికే సర్కారు హైస్కూలును మొదటి వరసలో పెట్టొచ్చు. షరతులు మాత్రం ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

బడికి వెళ్లి చూడాల్సింది

జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెళ్లండి. జూన్‌లో అన్ని బడులూ బాగుంటాయి.

సర్కారు హైస్కూల్లో హెచ్‌ఎం (హెడ్మాస్టరు) గదిలోనో స్టాఫ్ రూములోనో టైంటేబులు గోడకు ఉంటుంది. అందులో తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికం, పీఈటీ పేర్లు ఉన్నాయో లేదో చూడండి. లెక్కల పోస్టు ఖాళీగా ఉండి పక్క బడి నుంచి వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద టీచరు వస్తుంటే, వారానికి ఎన్ని రోజులు వస్తున్నారో అడగండి. 2025లో టీచర్ల నియామకాల కోసం పెట్టిన మెగా డీఎస్సీలో 16 వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి ఆ సెప్టెంబరులో నియామకాలు చేశారు కాబట్టి చాలా బడుల్లో పరిస్థితి మారింది. ఐదేళ్ల కిందటి అభిప్రాయం పట్టుకుని కూర్చోకండి. హెచ్‌ఎం వచ్చి ఎన్నేళ్లయిందో కూడా కనుక్కోండి. బదిలీల చట్టం ప్రకారం ఒకేచోట హెచ్‌ఎం ఐదేళ్లు, టీచరు ఎనిమిదేళ్లు నిండితే కదలాల్సిందే. బడిని నిలబెట్టిన హెచ్‌ఎం వచ్చే వేసవిలో వెళ్లిపోతారంటే ఆ బడి పేరును సగానికే లెక్కేసుకోవాలి.

ప్రైవేటులో ప్రశ్న వేరు. అక్కడ పోస్టు ఖాళీగా ఉండదు, మనిషి మారుతుంటాడు. జూన్‌లో లెక్కలు మొదలుపెట్టిన సారు దసరా సెలవులకు ఉంటారో లేదో తెలియదు. జీతం తక్కువ, పని గంటలు ఎక్కువ, పైగా ఎండాకాలం అడ్మిషన్ల టార్గెట్టు. వీటికి తట్టుకోలేక పక్క స్కూలు రెండు వేలు ఎక్కువిస్తే వెళ్లిపోతారు. "తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పే సారు ఇక్కడ ఎన్నేళ్ల నుంచి ఉన్నారు?" అని ప్రిన్సిపాల్‌నీ అడగండి, గేటు బయట ఒక తొమ్మిదో తరగతి పిల్లాణ్నీ అడగండి. జవాబులు కలవకపోతే పిల్లాడి మాటే నమ్మండి.

వెళ్లిన ప్రతిచోటా ఎనిమిదో తరగతి లెక్కల నోట్సు ఒకటి చూపించమనండి. స్మార్ట్ బోర్డు, ఏసీ, స్విమ్మింగ్ పూల్ కంటే ఆ నోట్సు ఎక్కువ చెబుతుంది. తప్పు చేసిన చోట ఎర్ర పెన్నుతో దిద్ది, కింద మళ్లీ చేయించారంటే అక్కడ చదువు నడుస్తున్నట్టు. పేజీలన్నీ తప్పుల్లేకుండా, ఒకేలా, ప్రతి లెక్కకూ టిక్కు పడి ఉన్నాయంటే బోర్డు మీద రాసింది దించుకున్నట్టు. సర్కారు బడిలోనూ, ప్రైవేటులోనూ ఈ రెండోదే ఎక్కువ కనిపిస్తుంది, అందుకే మొదటిది దొరికిన చోటు వదులుకోకూడదు.

మరుగుదొడ్లు పొద్దున్న కాకుండా మధ్యాహ్నం మూడింటికి చూడాలి. సర్కారు బడుల్ని బాగుచేసిన నాడు–నేడు పథకంలో కొత్తగా కట్టిన చోట్ల కూడా నీళ్లు, శుభ్రం చేసే మనిషి ఉంటేనే అవి పనికొస్తాయి. ఆడపిల్లల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. నీళ్లు తాగకుండా రోజంతా బిగబట్టి కూర్చునే పిల్లలుంటారు. ప్రైవేటులో చూడాల్సింది గాలి, ఆటస్థలం. అపార్టుమెంటు లాంటి భవనంలో పై అంతస్తు రేకుల షెడ్డు కింద ఏప్రిల్ ఉక్కపోతలో అరవైమంది కూర్చుంటే పాఠం ఎవరికి ఎక్కుతుంది? మెట్లు ఎన్నివైపుల ఉన్నాయో, ఫైర్ అనుమతి ఉందో కూడా అడగండి.

గుర్తింపు అన్నిటికంటే ముందు చూడాలి. ప్రతి బడికీ కేంద్రం బడుల రికార్డులో 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. ఆ బడికి ఎన్నో తరగతి దాకా అనుమతి ఉందో దాన్నిబట్టి తెలుసుకోవచ్చు. ఏడో తరగతి దాకానే గుర్తింపు ఉన్న బ్రాంచిలో పదో తరగతి నడిపి, పరీక్షకు వేరే స్కూలు పేరు మీద పంపే పద్ధతి ఉంది. హాల్ టికెట్ వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. "సీబీఎస్‌ఈ కరిక్యులం" అన్న బోర్డు చూసి ఆగకండి. సీబీఎస్‌ఈ అఫిలియేషన్ నంబరు అడిగి, అది సెకండరీ స్థాయి దాకా ఉందా అని బోర్డు వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ఫలితాల ఫ్లెక్సీలు చదివే పద్ధతి ఒకటుంది. అందులో ఫొటోలు రాష్ట్రమంతటి బ్రాంచీలవి కావచ్చు. మీరడగాల్సింది ఈ బ్రాంచిలో కిందటేడు టెన్త్ రాసినవాళ్లు ఎంతమంది, అంతకుముందేడు తొమ్మిదిలో ఎంతమంది, 500 దాటినవాళ్లు ఎంతమంది అని. తొమ్మిదిలో ఎనభైమంది ఉండి టెన్త్ యాభైమందే రాస్తే ఆ ముప్పైమందిని ఏం చేశారో కనుక్కోవాలి. నూరు శాతం ఉత్తీర్ణత కొన్నిచోట్ల ఇలాగే వస్తుంది.

సిలబస్, మీడియం

స్టేట్ సిలబస్ తక్కువ, సీబీఎస్‌ఈ ఎక్కువ అన్న మాట ఇప్పుడు అంతగా నిలవదు. రాష్ట్ర పదో తరగతి పుస్తకాలు 2024–25 నుంచి సీబీఎస్‌ఈ బడుల్లో వాడే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల ఆధారంగానే వచ్చాయి. తేడా ఎక్కువగా పరీక్షలో ఉంది. స్టేట్ టెన్త్‌లో సబ్జెక్టుకు 100 మార్కులూ రాతపరీక్షవే. భౌతిక, జీవశాస్త్రాలకు మాత్రం 50 చొప్పున వేర్వేరు పేపర్లు. సీబీఎస్‌ఈలో 80 రాతపరీక్షకు, 20 స్కూలు చేతిలో. 2026 నుంచి సీబీఎస్‌ఈ టెన్త్‌లో మే నెలలో రెండో పరీక్ష రాసి మూడు సబ్జెక్టుల దాకా మార్కులు పెంచుకునే వీలు కూడా పెట్టారు. బదిలీల ఉద్యోగమైతే సీబీఎస్‌ఈ సుఖం. ఇక్కడే ఉండి ఇక్కడే ఇంటర్ చదివించేవాళ్లకు స్టేట్ సిలబస్ వల్ల నష్టమేమీ లేదు.

ఐదు దాకా ఇంట్లోనూ బడిలోనూ తెలుగుతోనే గడిపిన పిల్లను ఒక్కసారిగా ఆరో తరగతిలో గట్టి ఇంగ్లీషు స్కూల్లో వేస్తే మొదటి ఆరు నెలలు లెక్కలొచ్చినా ప్రశ్న అర్థంకాక మార్కులు పోతాయి. సర్కారు పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది. ఇలాంటి పిల్లలకు అది పెద్ద ఆసరా. దానికి ఎదురు సమస్య సర్కారు బడిలో ఉంది. చదవడమే సరిగా రాని పిల్లలూ, చురుకైన పిల్లలూ ఒకే సెక్షన్లో ఉంటే టీచరు కిందివాళ్ల కోసం ఆగాలి, పైవాళ్లకు విసుగొస్తుంది. మీ బిడ్డ ఇప్పటికే తరగతిలో అందరికంటే ముందుంటే, ఆ బడిలో ఎన్‌ఎంఎంఎస్ కోచింగ్, సైన్స్ ఫెయిర్ లాంటివి నిజంగా నడుస్తున్నాయో లేదో తెలుసుకోవాలి. నడవకపోతే ప్రైవేటు వైపు మొగ్గడంలో తప్పు లేదు.

టెక్నో, ఫౌండేషన్ బ్రాంచీల మీద ఒక మాట. ఆరో తరగతి నుంచే ఐఐటీ పేరుతో పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా కూర్చోబెడతారు, ర్యాంకు చూసి సెక్షన్లు మారుస్తారు. మొదటి సెక్షన్లో నిలిచే కొద్దిమందికి లాభం ఉండొచ్చు. మూడో సెక్షన్‌కు జారినవాళ్లు కట్టేదీ అదే ఫీజు, అందేది కొత్తగా చేరిన టీచరు. పన్నెండేళ్ల పిల్లకు ఆట లేకుండా చేసే ఈ పద్ధతి చాలా ఇళ్లకు అక్కర్లేనిది. ఇంటర్‌లో ఎలాగూ అదే పని చేయిస్తారు.

దూరం

విశాఖలో ఇది ప్రత్యేకంగా చూసుకోవాలి. ఊరంతా జాతీయ రహదారి వెంబడి సాగి ఉంది. గాజువాక, ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక దగ్గర పొద్దున్న ఎనిమిదిన్నరకు రోడ్డు దాటడం పెద్దవాళ్లకే కష్టం. రెండు బడులు దాదాపు సమానంగా అనిపిస్తే హైవేకి మీ వైపున ఉన్నదాన్ని తీసుకోండి. నడిచి వెళ్లే బడి రోజుకు గంటన్నర ఆదా చేస్తుంది, ఆ గంటన్నరే పిల్లకు ఆట. ఆడపిల్లలకు స్త్రీశక్తి కింద 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బు లేదు, గుర్తింపు కార్డు దగ్గరుంటే చాలు. ఆటోలో పంపేట్టయితే డ్రైవరు పక్కన కూడా పిల్లల్ని కూర్చోబెట్టే ఆటో వద్దు.

ఎప్పుడు మారాలి, ఏ కాగితాలు

ఆరులో మారడం సులువు. ఎనిమిదిలో మారినా ఫర్వాలేదు, ఎన్‌ఎంఎంఎస్ కోసం సర్కారు బడికి రావాలంటే ఎనిమిదో తరగతి మొదట్లోనే వచ్చేయాలి. సీబీఎస్‌ఈలో తొమ్మిదిలోనే బోర్డుకు రిజిస్ట్రేషన్ జరుగుతుంది కాబట్టి ఆ తర్వాత స్కూలు మార్చడం తలనొప్పి. పదిలో మార్చనే కూడదు.

కావాల్సినవి పాత బడి టీసీ, పిల్ల ఆధార్, పుట్టిన తేదీ పత్రం, కుల ధ్రువీకరణ, తల్లి ఆధార్, తల్లి బ్యాంకు పాసుపుస్తకం. ఆ ఖాతా ఆధార్ మీద సర్కారు డబ్బు పడేలా ఎన్‌పీసీఐతో లింకయి ఉందో లేదో బ్యాంకులో ముందే చూసుకోండి, లేకపోతే తల్లికి వందనం డబ్బు పడదు. ఆధార్‌లో, బడి రికార్డులో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా చేరేటప్పుడే సరిచేయించండి. తొమ్మిది, పది తరగతుల్లో ఎస్సెస్సీ నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) వెళ్లాక దిద్దించడం చాలా కష్టం.

పాత స్కూలుతో చిక్కు ఎక్కువగా టీసీ దగ్గరే వస్తుంది. బాకీ ఉందని కొందరు టీసీ ఆపుతారు. ఎనిమిదో తరగతి దాకా టీసీ ఆలస్యమైందన్న కారణంతో సర్కారు, ఎయిడెడ్ బడి చేర్చుకోనంటే చెల్లదు, విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ఆ మాటే చెబుతోంది. కాగితం చేతికొచ్చినా పని పూర్తవదు. పాత స్కూలు తన యూడైస్ లాగిన్‌లో పిల్ల పేరును డ్రాప్‌బాక్స్‌లోకి (బడి వదిలినవాళ్ల జాబితాలోకి) పంపాలి, అప్పుడే కొత్త బడి తన జాబితాలోకి లాక్కోగలదు. అది జరగకపోతే పిల్ల రోజూ ఒక బడికి వెళ్తుంటే పేరు మరో బడిలో ఉంటుంది, కిట్టూ రాదు, తల్లికి వందనం లెక్కలోకీ రాదు. టీసీ తీసుకునే రోజే ఆఫీసులో క్లర్కు పక్కన నిలబడి డ్రాప్‌బాక్స్‌లోకి పంపించేలా చూడండి. జూన్ 12న బడులు తెరిచాక వారంలోపు కొత్త హెచ్‌ఎం దగ్గర పేరు వచ్చిందో లేదో చూసుకోండి. రాకపోతే మండల విద్యాశాఖాధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, దాని కాపీ మీద ముద్ర వేయించుకోండి.